హిమాలయ వేటలో గుండు ఎంపిక

కలకత్తా విమానాశ్రయంలో దిగినవారికి డమ్‌డమ్ అనే పేరు సుపరిచితం. ఆ ఊరి ఆయుధాగారం 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో యుద్ధ చరిత్రకు ఒక అపఖ్యాతి పొందిన మాటను ఇచ్చింది. శరీరంలో ప్రవేశించగానే విచ్చుకొనే గుండుకు 'డమ్‌డమ్' అన్న పేరు అక్కడిదే. అయితే ఆ గుండు వెనుకనున్న ఆలోచన సైనికులకంటే ముందే వేటగాళ్లకు తెలుసు. హిమాలయాల్లో వేటాడిన తరాలవారు తుపాకిని గురించి ఎంత చర్చించారో, అందులో పెట్టే గుండును గురించీ అంత చర్చించారు.

అందుకు కారణం కొండే. మైదానపు అడవిలో పులినో దుప్పినో ముప్పై నలభై గజాల దూరంలో చూడవచ్చు. ఐబెక్స్ అనే కొండమేకకూ, మెలితిరిగిన కొమ్ముల మార్ఖోర్‌కూ, భరల్‌కూ అంత చేరువకావడం అరుదు. లోయకు ఆవలి గట్టుమీద నిలిచిన జంతువును ఈవలినుంచి కాల్చవలసి వస్తుంది. ఎగువకు కాల్చినా, దిగువకు కాల్చినా గుండు అనుకున్న చోటికి కొంత పైగా పోతుంది. భూమ్యాకర్షణకు గుండు లోబడేది ఏటవాలు దూరాన్నిబట్టి కాదు, అడ్డంగా కొలిచిన దూరాన్నిబట్టి. ఎత్తయిన చోట గాలి పలచన కనుక గుండు వేగం తగ్గడం నెమ్మదిస్తుంది. అదీ గురిని పైకే జరుపుతుంది. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. గాయపడిన జంతువు వందగజాలు పరుగెత్తితే చాలు, మనిషి దిగలేని అగాధంలో పడుతుంది. దాని బాధను ముగించే అవకాశం కూడ ఉండదు.

టిబెట్టు, లడఖ్ ప్రాంతాల స్థానిక వేటగాళ్లు ఈ చిక్కును ఓర్పుతో జయించారు. వత్తి అంటించి కాల్చే పొడవాటి తుపాకి, దాని ముందు భాగాన్ని నేలమీద ఆన్చడానికి రెండు కొమ్ముల ఊతం, ఒకే ఒక సీసపు గుండు ఉండేవి. మళ్లీ మందు కూరేలోగా జంతువు మాయమవుతుంది కనుక చేరువయ్యేదాకా వేచి ఉండడమే వారి విద్య. తెల్లదొరల వేట గ్రంథాలు ఈ విద్యను దారిచూపే సేవకుని నేర్పుగా మాత్రమే మెచ్చుకోవడం విచారకరం.

ఆంగ్లేయులు ఓర్పుకు బదులు వేగాన్ని ఆశ్రయించారు. మధ్య పరగణాల అడవుల్లో ఉద్యోగం చేసిన కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్ 1860లలో వేట రైఫిళ్లు, వాటి గుండ్లపైనే ఒక గ్రంథం రాశాడు. గొట్టంలో మరలు తక్కువ మెలికతో ఉండాలనీ, గుండ్రని గుండుకు మందు దండిగా వేయాలనీ అతని వాదం. దాదాపు ఆ కాలానికే 'ఎక్స్‌ప్రెస్' రైఫిళ్లు ప్రచారంలోకి వచ్చాయి. తేలికైన గుండు, మందు ఎక్కువ, గుండు ముక్కున చిన్న బొరియ. సుమారు 150 గజాలదాకా గురిని సవరించుకొనే పని లేదు. తగిలినచోట గుండు విచ్చుకొని జంతువును వెంటనే కూల్చేది. ఎముకకు తగిలితే మాత్రం పైపైనే చిట్లిపోయి, గుండెదాకా వెళ్లేది కాదు.

1888లో సైన్యం .303 రైఫిలును స్వీకరించడంతో సమస్య తలక్రిందులైంది. గట్టి లోహపు తొడుగుగల 215 గ్రెయినుల సన్నని గుండు శరీరంలోనుంచి సూటిగా దూసుకుపోయేది. 1895 చిత్రాల్ దండయాత్రలో ఇది శత్రువును ఆపడంలేదని సైనికులు ఫిర్యాదు చేశారు. డమ్‌డమ్‌లో కెప్టెన్ బర్టీక్లే గుండు ముక్కున తొడుగును కొద్దిమేర తీసివేసి లోపలి సీసాన్ని బయటపెట్టాడు. 1899 హేగ్ సమావేశం ఇటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది. బ్రిటన్ ఆ ప్రకటనను 1907లో గాని అంగీకరించలేదు. మనిషిపై క్రూరమని నిషిద్ధమైన ఆ గుండే జింకపై దయగలదని వేటగాళ్లు వాడుతూ వచ్చారు. వారి తర్కం తప్పుకాదు. జంతువును నిలువునా చీల్చి వెళ్లే గుండు దానిని రోజుల తరబడి చంపుతుంది. ఆ తర్కాన్నే సరిహద్దు కొండల మనుషులకు వర్తింపజేయడంలోనే తప్పంతా ఉంది.

పాలకుల భయం కూడ గుండు ఎంపికను శాసించింది. పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిలు గుండు .450 కొలతది. వేటగాళ్ల గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న శంకతో ఆ కొలత రైఫిళ్లను పౌరులు దిగుమతి చేసుకోరాదని భారతదేశంలో నిషేధించారు. లండన్ తుపాకుల తయారీదారులు వెంటనే .465, .470 వంటి కొత్త కొలతలు సృష్టించారు.

కుమావూ కొండల్లో 1907లో చంపావత్ ఆడపులిని వెంబడించిన జిమ్ కార్బెట్ మూడే తూటాలు వెంట తీసుకువెళ్లాడు. మూడోది అత్యవసరానికి అని లెక్క. మూడూ ఖర్చయినా పులి నిలిచే ఉంది. అప్పుడు పరుగెత్తి తహసీల్దారు చేతిలోని పాత తుపాకి పుచ్చుకొని కాల్చవలసి వచ్చింది. కార్బెట్ లెక్క ప్రకారం ఆ పులి 436 మందిని బలిగొన్నది. ఆ సాహసానికి గుర్తుగా సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ అతనికి .275 రిగ్బీ రైఫిలును బహూకరించాడు. బరువులో తేలికైనది, గురిలో నిక్కమైనది. కొండలెక్కే మనిషికి తగినది. 1926లో రుద్రప్రయాగ చిరుతను కూల్చినది అటువంటి తూటాయే. ఆ బహుమతి రైఫిలును 2015లో రిగ్బీ సంస్థ తిరిగి కొనుగోలు చేసింది.

స్వాతంత్ర్యానంతరం కూడ .303 పౌరులకు నిషిద్ధంగానే ఉండిపోయింది. డమ్‌డమ్‌కు దూరంకాని ఈషాపూర్ కర్మాగారం వారికోసం .315 రైఫిలును తయారుచేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేడు మార్ఖోర్‌కు గాని, ఐబెక్స్‌కు గాని గుండు ఎంచుకొనే అవసరం మనదేశంలో చట్టబద్ధంగా ఎవరికీ మిగలలేదు. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చే జంతువు విషయంలో మాత్రం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కారణాన్ని అధికారి ఆ ఉత్తరువులోనే పేర్కొనాలి.