హడ్డీ హమారీ, గోష్త్ ఆప్‌కా

1985 జూన్‌లో అబ్బా నన్ను ఒకటో జమాత్‌లో చేర్పించడానికి మా ఊరి ఉర్దూ మీడియం స్కూలుకి తీసుకెళ్లారు. హెడ్‌మాస్టర్ సాబ్ రిజిస్టర్‌లో నా పేరు రాసుకున్నాక అబ్బా నా భుజం మీద చెయ్యి వేసి అన్నారు: "సాబ్, హడ్డీ హమారీ, గోష్త్ ఆప్‌కా." ఎముకలు మావి, మాంసం మీది.

మన ఇళ్లల్లో ఈ మాట విననివాళ్లు తక్కువ. బిడ్డను ఉస్తాద్‌కి అప్పగించేటప్పుడు మొహబ్బత్‌తోనూ భరోసాతోనూ అనే మాట ఇది. ఐదో జమాత్‌కి వచ్చేసరికి దాని అర్థం నా అరచేతులకీ, ముర్గా కూర్చుని వణికిన మోకాళ్లకీ బాగా తెలిసింది. ఇంటికొచ్చి చెప్పుకుంటే అమ్మీ ఇంకో రెండు వేసేది. "ఉస్తాద్ ఊరికే కొడతారా?"

ఇప్పుడీ మాట గుర్తుకు రావడానికి కారణం రెండు ఫోన్లు. రెండేళ్ల క్రితం వేసవిలో, ఒకే వారంలో, ఒకే స్కూలు గురించి వచ్చాయి. మన ఖౌమ్ వాళ్లు నడిపే ప్రైవేటు స్కూలు. పేరు రాయను.

మొదటి ఫోన్ ఒక బాజీ చేశారు. ఆ స్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పారు. మే నెలాఖరులో ఆఫీసు నుంచి ఫోన్ చేసి "జూన్ నుంచి రావద్దు" అన్నారట. కాగితం లేదు, కారణం లేదు. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. రెండో ఫోన్ ఒక ఆటో నడిపే భాయ్‌ది. కూతురు ఆరో తరగతి పాసైంది. రెండు టర్ముల ఫీజు బాకీ పడ్డారు. గవర్నమెంట్ స్కూల్లో వేద్దామంటే ఇక్కడ టీసీ ఇవ్వడం లేదు.

ఇద్దరూ విడివిడిగా, చివర్లో ఒకే ప్రశ్న వేశారు. "భాయ్, మన స్కూలు మీద మనమే శికాయత్ చేస్తే గునాహ్ కాదా? మన ఇజ్జత్ మనమే తీసుకున్నట్టు కాదా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అదాలత్‌ల పాత ఫైసలాలు తెచ్చుకుని చదివాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్నకు ఒక పెద్ద తారీఖే ఉంది.

ముందు అబ్బా మాట దగ్గర మొదలుపెడతాను. 1860లో అంగ్రేజులు చేసిన తాజీరాతె హింద్‌లో 89వ సెక్షన్ ఒకటుండేది. పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోసం, మంచి నియ్యత్‌తో, సంరక్షకుడు గానీ, సంరక్షకుడి రజామందీతో ఇంకొకరు గానీ చేసిన పని వల్ల హాని కలిగినా అది జుర్మ్ కాదని దాని సారాంశం. పిల్లల్ని కొట్టిన టీచర్ల మీద కేసులు వచ్చినప్పుడు వకీళ్లు ఎత్తిపట్టిన ఢాల్ ఇలాంటి సెక్షన్లే. కానీ తీవ్రమైన గాయానికి ఈ రక్షణ లేదు. అదే చట్టంలో తీవ్రమైన గాయాల జాబితా చూస్తే అందులో ఎముక విరగడం ఉంది. అంటే ఎముక మాది, మాంసం మీది అన్న అబ్బా మాట అచ్చంగా ఆ కానూనే! ఒక్క సెక్షన్ కూడా చదవని మనిషి, అడ్మిషన్ రోజున నోటిమాటగా రజామందీ ఇచ్చి వచ్చారు.

ఈ లెక్కలో మాట్లాడేది ఇద్దరే: తండ్రి, ఉస్తాద్. బిడ్డను ఎవరూ అడగరు.

బిడ్డకు కూడా సొంత హక్ ఉందని అదాలత్ గట్టిగా చెప్పిన కేసు, నేను ఒకటో జమాత్‌లో చేరిన ఆ ఏడాదే కేరళలో మొదలైంది. కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు. పది, తొమ్మిది, ఐదు తరగతుల్లో ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు. యెహోవా సాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖ వాళ్లు. అసెంబ్లీలో జాతీయ గీతం పాడేటప్పుడు అదబ్‌గా లేచి నిలబడేవాళ్లు, కానీ పాడేవాళ్లు కాదు. అది వాళ్ల అఖీదా. ఏళ్ల తరబడి ఎవరికీ అభ్యంతరం రాలేదు. ఒక ఎమ్మెల్యే చూసి శాసనసభలో లేవనెత్తారు. విచారణ జరిపితే పిల్లలు మంచివాళ్లు, గీతాన్ని అవమానించలేదు అనే తేలింది. అయినా విద్యాశాఖ అధికారి ఆదేశం మీద 1985 జూలై 26న ముగ్గురినీ స్కూలు నుంచి తీసేశారు. తండ్రి వెళ్లి బతిమాలితే హెడ్‌మిస్ట్రెస్ తన చేతిలో ఏమీ లేదన్నారు.

కేరళ హైకోర్టులో రెండుసార్లూ ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1986 ఆగస్టు 11న వచ్చిన ఫైసలా రాసింది మన తెలుగు జడ్జి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. ఆయన అడిగింది చాలా సీదా ప్రశ్న: ఈ పిల్లల్ని తీసేయడానికి మీ దగ్గర ఏ కానూన్ ఉంది? ప్రభుత్వం చూపించినవి 1961, 1970 నాటి రెండు శాఖాపరమైన సర్క్యులర్లు. సర్క్యులర్ చట్టం కాదు, దానితో దస్తూర్ ఇచ్చిన హక్‌ను తీసేయలేరు అన్నారు. అదబ్‌గా నిలబడడం అవమానం కాదన్నారు. పిల్లల్ని మళ్లీ చేర్చుకోమని హుకుం ఇచ్చారు.

ఈ ఫైసలా మనకెందుకంటారా? 2022లో కర్ణాటక హిజాబ్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ అక్టోబర్ 13న ఇద్దరు జడ్జీలు రెండు దారుల్లో తీర్పు చెప్పారు. బచ్చీల వైపు నిలిచిన జస్టిస్ సుధాంశు ధూలియా ఆధారం చేసుకున్న వాటిల్లో ఈ కేరళ ఫైసలా ముఖ్యమైనది. మనకు పేరు కూడా తెలియని ఒక చిన్న అఖ్లియత్ వాళ్ల పిల్లలు గెలిచిన హక్, ముప్పై ఆరేళ్ల తర్వాత మన పిల్లలకు అక్కరకొచ్చింది. ఆ కేసు పెద్ద బెంచ్‌కు పోయింది, అది వేరే సంగతి.

ఇక బాజీ సంగతికి వస్తాను. చిత్రమేమిటంటే ఆమె ప్రశ్నకు కూడా అదే జడ్జి, అదే ఏడాది, మూడు నెలలు గడిచాక జవాబు రాశారు.

దానికి ముందు 30వ అధికరణ గురించి రెండు మాటలు. మతపరమైన, భాషాపరమైన అఖ్లియత్‌లకు తమ ఇష్టప్రకారం విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్‌ను దస్తూర్ ఇచ్చింది. అది మనకు పెద్ద నేమత్. 1958లో కేరళ విద్యా బిల్లు మీద అభిప్రాయం చెబుతూనే సుప్రీంకోర్టు ఈ హక్‌ను గట్టిగా నిలబెట్టింది. అక్కడే ఒక షరతూ పెట్టింది: నడిపే హక్‌లో చెడగొట్టే హక్ కలిసి లేదు. 1980లో మన హైదరాబాద్ ఆల్ సెయింట్స్ హైస్కూల్ కేసు వచ్చింది. టీచర్‌ను తీసేసే ముందు ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలన్న 1975 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టపు షరతు అఖ్లియతీ స్కూళ్లకు చెల్లదని మెజారిటీ తీర్పు. మన ఇంతెజామియాలు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తాయి.

తర్వాతి పేజీ ఢిల్లీలో ఉంది. ఫ్రాంక్ ఆంథోనీ పబ్లిక్ స్కూల్ ఆంగ్లో ఇండియన్ అఖ్లియత్‌ది, పేరున్న ఇదారా. ప్రభుత్వ స్కూళ్లతో సమానంగా జీతాలివ్వాలన్న 1973 నాటి ఢిల్లీ చట్టం ఎయిడ్ లేని అఖ్లియతీ స్కూళ్లను మినహాయించింది. టీచర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్కూలు తరఫున ఫ్రాంక్ ఆంథోనీ స్వయంగా వాదించారు. మా స్కూలు గొప్పది, ఈ జీతాలిస్తే మూసుకోవాల్సి వస్తుంది అన్నారు. 1986 నవంబర్ 17న చిన్నపరెడ్డి రాసిన జవాబు ప్రతి సదర్ సాబ్ చదవాలి. స్కూలుకు ఆ పేరు తెచ్చింది టీచర్లే కదా, అలాంటప్పుడు ఆ పేరునే చూపించి వాళ్ల జీతం ఎలా ఆపుతారు? మూసేస్తామన్న భయం ప్రతి ఫ్యాక్టరీ యజమానీ చెప్పేదే. తీసేసే ముందు అధికారి అనుమతి అన్న షరతు ఒక్కటి అఖ్లియతీ స్కూళ్లకు వద్దు, మిగతా రక్షణలు, జీతాలు, అపీలు అన్నీ వర్తిస్తాయి అని తేల్చేశారు. మంచి టీచర్‌కు మంచి జీతమిస్తే అఖ్లియత్ హక్‌కు నష్టం లేదు.

2002లో పదకొండు మంది జడ్జీల టీఎంఏ పాయ్ ఫైసలా ప్రైవేటు ఇదారాలకు చాలా ఆజాదీ ఇచ్చింది. అందులో కూడా టీచర్ మీద చర్య తీసుకునే ముందు విచారణ జరగాలని, వాళ్లు అపీలు చేసుకోవడానికి జిల్లాల్లో ట్రిబ్యునళ్లు ఉండాలని ఉంది. 1988లో టీచర్ కార్మిక చట్టం కింద వర్క్‌మన్ కాదని సుప్రీంకోర్టు చెప్పడంతో లేబర్ కోర్టు తలుపు మూసుకుంది. కానీ గ్రాట్యుటీ తలుపు తెరుచుకుంది. 2009లో చట్టం సవరించి ప్రైవేటు స్కూలు టీచర్లను అందులోకి తెచ్చారు, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

బిడ్డ, టీచర్ అయ్యారు. వాల్దైన్ సంగతి? అది మన రాష్ట్రం పేరుతోనే ఉంది: ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. కాలేజీల క్యాపిటేషన్ ఫీజు గొడవలోంచి పుట్టిన కేసు. 1993 ఫిబ్రవరి 4న ఐదుగురి బెంచ్‌లో మెజారిటీ తీర్పు రాసింది మరో తెలుగు జడ్జి, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. పధ్నాలుగేళ్ల వరకు తాలీమ్ బిడ్డ బునియాదీ హక్ అన్నారు. దస్తూర్ అమల్లోకి వచ్చిన పదేళ్లలో జరగాల్సిన పని నలభై ఏళ్లు దాటినా జరగలేదని గుర్తుచేశారు. ఆ మాట 2002లో 21ఏ అధికరణ అయింది, 2009లో విద్యా హక్కు చట్టమైంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఈలోగా 2000 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు, వాల్దైన్ సంఘం ఒకటి వేసిన కేసులో, బెత్తాన్ని అనుమతించే అక్కడి రూల్‌ను కొట్టేసింది. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ రెంటినీ నిషేధించింది. అబ్బా ఇచ్చిన రజామందీ అక్కడితో రద్దయింది. 2023లో ముజఫర్‌నగర్‌లో ఒక ముస్లిం బచ్చాను తోటి పిల్లలతో కొట్టించిన టీచర్ సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, సెప్టెంబర్ 25న అదాలత్ ముందు ఎత్తిచూపింది ఈ చట్టం ఉల్లంఘననే.

ఆ వీడియో చూసి మనమంతా ఏడ్చాం. ఈ చట్టం మనకు కావాలనుకున్నాం. మరి మన స్కూళ్లలో?

2014 మే 6న ప్రమతి కేసులో ఐదుగురు జడ్జీలు విద్యా హక్కు చట్టం అఖ్లియతీ స్కూళ్లకు వర్తించదన్నారు, ఎయిడ్ ఉన్నా లేకపోయినా. 30వ అధికరణ కోణంలో ఖుషీ పడ్డాం. కానీ ఆ ఆటో భాయ్ కూతురి కోణంలో చూడండి. పక్క వీధి స్కూల్లో చదివే బచ్చీకి ఆ చట్టం ఇచ్చే రక్షణ, మన స్కూల్లో చదివినందుకు ఈ బచ్చీకి లేకుండా పోయింది. 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు జడ్జీల బెంచ్ ఈ ఫైసలా మీద సందేహం చెప్పి, పెద్ద బెంచ్ చూడాలంది. అక్కడ ఏం తేలుతుందోనని మనవాళ్లు భయపడుతున్నారు. నాకూ భయముంది. ఇదారాల ఆజాదీ పోకూడదు. కానీ ఆ ఆజాదీ ఎవరి అమానత్? సదర్ సాబ్‌దా, బచ్చీదా?

నా జవాబు ఇది. 30వ అధికరణ ఖౌమ్ పిల్లల కోసం హుకూమత్‌కు ఎదురుగా కట్టిన గోడ. ఆ గోడను మన పిల్లలకూ మన టీచర్లకూ ఎదురుగా తిప్పి పెడితే అది హక్ కాదు, జుల్మ్. జుల్మ్ గురించి హాకిమ్‌కు చెప్పుకోవడం గీబత్ కాదని మన ఉలమా ఎప్పుడో చెప్పారు.

ఆటో భాయ్‌కి చెప్పింది ఒకటే. టీసీ ఆలస్యమైందని కొత్త స్కూలు అడ్మిషన్ ఆపకూడదని విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. పాత స్కూలుకు ఆ చట్టం వర్తించకపోవచ్చు, చేర్చుకోవాల్సిన గవర్నమెంట్ స్కూలుకు వర్తిస్తుంది. దర్ఖాస్త్ మీద ఆ సెక్షన్ రాసి తీసుకెళ్లారు. జూన్‌లోనే బచ్చీ ఏడో తరగతిలో కూర్చుంది. టీసీ సెప్టెంబర్‌లో వచ్చింది.

బాజీ చాలా రోజులు ఆలోచించారు. సర్టిఫికెట్లు తిరిగివ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశారు. పది రోజుల్లో ప్యూన్ ఇంటికి తెచ్చిచ్చాడు. గ్రాట్యుటీ లెక్క ఇద్దరం కలిసి వేశాం. ఆఖరి నెల జీతం 7,800. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 300. ఏడాదికి 15 రోజుల చొప్పున 4,500. పదకొండేళ్లకు 49,500. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఎన్నడూ ఇవ్వలేదు గనుక బ్యాంక్ పాస్‌బుక్కే గవాహీ. దర్ఖాస్త్ ఇచ్చారు. ఇంకా తేలలేదు. ఉద్యోగం తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నారు. ఆ స్కూలు పిల్లలు కూడా వస్తారట.

పోయిన జూన్‌లో నా చిన్న కొడుకును స్కూల్లో చేర్పించాను. ఫారం మీద సంతకం పెడుతుంటే అబ్బా మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. "మేడమ్, వీడు మా అమానత్" అన్నాను. ఆమె నవ్వి, వాడి పేరు అడిగింది. నన్ను కాదు, వాణ్ణే అడిగింది.