పద్దుకెక్కని కోర్టు ఖర్చు
నిజాం కోర్టుల్లో 19వ శతాబ్దం చివర్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. తెలుగే తెలిసిన సిద్దిపేట దగ్గరి కొండపాక రైతుకు రెండూ ఒకటే. గోడు చెప్పుకోవాలంటే ముందు అర్జీ రాసేవాడి చేతిలో డబ్బులు పెట్టాలి. సర్కారు పద్దులో కనపడే ఖర్చు కాదది. ఇప్పుడు కోర్టులను కంప్యూటర్లకెక్కించే ఈ-కోర్టుల పథకం లెక్క చూసినా అదే తంతు. రెండో దశకు 1,670 కోట్ల రూపాయలు, 2023లో ఆమోదించిన మూడో దశకు 7,210 కోట్లు. అందులో పాత కేసుల కట్టల స్కానింగు, భద్రతలకే రెండు వేల కోట్ల పైచిలుకు.

వాయిదా తేదీ ఫోన్లోనే తెలుస్తోంది, సిద్దిపేట బస్సు ఛార్జీ మిగిలింది కదా అంటారు. నిజమే, చిన్న మేలేం కాదు. కానీ ఫోన్లో చూసుకోవడం రానివాడు నెట్ సెంటర్‌కో వకీలు గుమాస్తాకో ఇచ్చుకునేది పాత అర్జీ ఖర్చే. ఇలాంటి చిల్లర లెక్కకందదనేవాళ్లూ ఉన్నారు. కోర్టు ఫీజును పైసాతో సహా కట్టించుకునే వ్యవస్థకు అందకేం? కేసు కాయితం తీయించుకోడానికి ఎంతయిందని వాయిదాకొచ్చినవాళ్లను అడిగితే చాలు.