తెలుగు సందేశాల్లో స్పెల్ చెకర్

టైపు చేసిన ప్రతి మాటనూ తన దగ్గరున్న పదాల పట్టికతో సరిచూసి, అందులో దొరకని మాట కింద ఎర్ర గీత గీసే సాఫ్ట్‌వేర్ స్పెల్ చెకర్. దానితో పాటే వచ్చే ఆటోకరెక్ట్ అంతటితో ఆగదు. తప్పనుకున్న మాటను తీసేసి, తనకు ఒప్పనిపించినదాన్ని అక్కడ పెట్టేస్తుంది. ఫోన్లలో రెండూ ఒకే కీబోర్డుతో రావడంవల్ల చాలామంది రెండూ ఒకటేననుకుంటారు. తెలుగులో సందేశాలు రాసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. గీత గీసి ఊరుకునే పరికరం మేలు చేస్తుంది. అడగకుండా మాట మార్చే పరికరం వల్ల కీడే ఎక్కువ. ఇందుకు కారణాలు తెలుగు మాట తయారయ్యే తీరులోనూ, కంప్యూటరు దాన్ని దాచుకునే తీరులోనూ ఉన్నాయి.

ఈ పనిముట్టు ఇంగ్లీషు కోసం పుట్టింది. ఫ్రెడరిక్ డామెరా 1964లో ప్రచురించిన పరిశోధనలో టైపు తప్పుల్లో నూటికి ఎనభై దాకా ఒక్క అక్షరానికి సంబంధించినవేనని తేల్చారు: ఒక అక్షరం మారడం, ఎక్కువవడం, తగ్గడం, లేదా పక్కపక్క అక్షరాలు తారుమారవడం. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో రాల్ఫ్ గోరిన్ రాసిన స్పెల్ ప్రోగ్రాము మొదలుకొని ఈ లెక్కే సూచనలకు పునాది అయింది. తప్పు మాటకు అతి తక్కువ మార్పుతో దొరికే మాటే ఒప్పు అయివుంటుందని యంత్రం ఊహిస్తుంది. తెలుగులో ఈ ఊహ ఎలా దెబ్బతింటుందో ఒక్క మాటలోనే చూడవచ్చు. ఎవరో పోయారన్న వార్త కింద "చాలా భాదగా ఉంది" అని రాయడం తరచుగా కనిపిస్తుంది. రాయాల్సింది "బాధగా". మహాప్రాణం ఒక అక్షరం మీదినుంచి పక్కదాని మీదికి వచ్చింది, అంతే. తెలుగు చదివేవారికి అది ఒకే పొరపాటు. యంత్రం లెక్కలో మాత్రం భ బ కావాలి, ద ధ కావాలి, అంటే రెండు మార్పులు. అదే "భాద"లో ద ఒక్కటీ ష అయితే "భాష" వస్తుంది, ఒక్క మార్పుతో. లెక్క ప్రకారం చూస్తే "భాష" దగ్గర, "బాధ" దూరం. ఇలాంటి లెక్కతో పనిచేసే ఆటోకరెక్ట్ సంతాప సందేశాన్ని "చాలా భాషగా ఉంది" అని మార్చి పంపేయగలదు. గీత మాత్రమే గీసి ఉంటే రాసినవారు ఒక్క క్షణం ఆగి సరిదిద్దుకునేవారు.

అక్షరాన్ని దాచే తీరు కూడా చిక్కు పెడుతుంది. "లక్ష్మి" కంటికి రెండక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 7 సంకేతాలు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ కింద వ వత్తుగా అతుక్కోకుండా ఆపే కనబడని సంకేతం ఒకటుంటుంది. దాన్ని పెట్టినా పెట్టకపోయినా చదివేవారికి అదే మాట, యంత్రానికి రెండు వేర్వేరు మాటలు.

వీటికన్నా పెద్ద సమస్య పదాల పట్టిక. "రాలేకపోయారట" అన్నది ఏ నిఘంటువులోనూ దొరకదు. అందులో రా, లేక, పోయారు, అట అన్నీ కలిసిపోయాయి. ఆ "రా"కు నిఘంటు రూపం "వచ్చు". వచ్చారు, వస్తారు, రారు ఒకే క్రియవి అని యంత్రానికి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ప్రత్యయాలు గొలుసులా చేరే హంగేరియన్ కోసం లాస్లో నేమెత్ తయారుచేసిన హన్‌స్పెల్ అనే స్పెల్ చెకర్ ఈ సమస్యను తీర్చే దారిలో మేలైన అడుగు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాడేది అదే. అది కూడా మాట చివరినుంచి రెండు పొరల ప్రత్యయాలను విప్పేలా తయారైంది. తెలుగులో సంధితో కరిగిపోయిన అతుకులు అంతకన్నా లోతుకు వెళతాయి. అందుకే హైదరాబాద్ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రజ్ఞులు పదాల పట్టికతో సరిపెట్టుకోకుండా, మాటను ధాతువుగా, ప్రత్యయాలుగా విడగొట్టే విశ్లేషకాల మీద పనిచేశారు. తెలుగుకు సరైన దారి ఇదే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పట్టిక ఇంత అసంపూర్ణమైతే ఎర్ర గీతలు కూడా తప్పే కదా, ఒప్పు మాటల కింద గీతలు చూసి చూసి జనం వాటిని పట్టించుకోవడమే మానేస్తారు కదా అని. నిజమే, మానేస్తారు. కానీ తప్పు గీతకు పోయేది ఒక చూపు, తప్పు మార్పుకు పోయేది సందేశమే. ఇంగ్లీషులోనే ఈ నష్టం జరిగింది. హైఫన్ లేకుండా రాసిన "కోఆపరేషన్"ను పాత స్పెల్ చెకర్లు కాలిఫోర్నియాలోని "కూపర్టినో" ఊరి పేరుగా మార్చగా, అది ఐరోపా సమాఖ్య పత్రాల్లోకి అలాగే చేరింది. అన్ని వనరులున్న భాషకే ఈ గతి పడితే తెలుగులో యంత్రానికి దిద్దే అధికారం ఇవ్వడం తొందరపాటు.

సందేశమే కదా, అర్థమైతే చాలదా అనేవారూ ఉన్నారు. స్నేహితుల మధ్య చాలు. కానీ బడి ప్రకటన, ఆసుపత్రి సూచన, పంచాయతీ కబురు కూడా ఇప్పుడు సందేశాలుగానే తిరుగుతున్నాయి. అచ్చు పుస్తకానికి ప్రూఫు దిద్దేవారుంటారు, చివర తప్పొప్పుల పట్టిక ఉంటుంది. ఫార్వర్డు చేసిన సందేశానికి రెండూ ఉండవు. అది ఎన్ని గ్రూపులకు వెళితే అందులోని తప్పు అన్నింటికీ వెళుతుంది. అలాగని ఎర్ర గీతదే తుదితీర్పు అనుకోకూడదు. "అర్ధం చేసుకోండి" అని రాస్తే పట్టిక మాత్రమే చూసే చెకర్ ఊరుకుంటుంది, ఎందుకంటే సగం అనే అర్థంలో "అర్ధం" ఒప్పు మాటే. కల, కళ కూడా అంతే. మరోవైపు పెళ్ళి, పెళ్లి రెండూ అచ్చులో ఉన్నాయి. ఒకదాన్ని తప్పనడానికి ఆధారం లేదు. తెలంగాణలో "చేసిన్రు" అని రాసేవారిది పొరపాటు కాదు, అది వారి మాట. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం ఏళ్ల తరబడి పోరాడింది జనం మాట్లాడేది రాతలోకి రావాలనే. ఆ మాటను అడగకుండా "చేశారు"గా మార్చే కీబోర్డు ఆ పోరాట ఫలితాన్ని వెనక్కి లాగుతుంది.

వాక్యం మొత్తాన్ని చూసి అంచనా వేసే కొత్త భాషా నమూనాలు "అర్ధం చేసుకోండి"లో తప్పును పట్టగలవు. ఇది నిజమైన ప్రగతి. అయితే అవి నేర్చుకునేది జనం రాసినదాన్నుంచే. ఎక్కువమంది రాసిందే వాటికి ఒప్పుగా కనబడే ప్రమాదం ఉంది, మాండలిక రూపాలు అరుదైనవిగా పక్కకు పోయే ప్రమాదం కూడా. ఫోను కీబోర్డులోనూ చిన్న స్థాయిలో ఇదే జరుగుతుంది. పదేపదే "భాద" అని రాస్తే దాన్నే నేర్చుకుని ముందు వరుసలో సూచిస్తుంది. ఐఫోన్‌లోనూ గూగుల్ వారి జీబోర్డులోనూ తప్పు చూపడానికి ఒక స్విచ్చు, తనంతట తాను దిద్దడానికి మరో స్విచ్చు ఉన్నాయి. మొదటిది ఉంచుకుని రెండోదాన్ని ఆపుకోవచ్చు. జీబోర్డు సూచనల వరుసలో అలా చేరిన తప్పు మాట మీద వేలు నొక్కి పట్టి, దాన్ని తొలగించుకోవచ్చు.