బియ్యం బస్తాల్లో మందు బిళ్లలు: ఇంట్లో పెడితే ప్రాణాలకే ముప్పు

ఏడాదికి సరిపడా బియ్యం ఒకేసారి కొనిపెట్టుకునే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. పురుగు పట్టకుండా కొందరు బస్తాల మధ్య మందు బిళ్లలు పెడుతుంటారు. పిల్లలు పడుకునే గదిలోనే బస్తాలుంటే ఇది మరీ ప్రమాదం.

బిళ్లలో ఏముంది?
అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల బిళ్ల నుంచి సుమారు 1 గ్రాము వాయువు. సందుల్లోంచి పక్క గదికీ పాకుతుంది. వెల్లుల్లి లేదా కుళ్లిన చేప వాసన రావచ్చు. వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు. దీనికి విరుగుడు మందు లేదు. మన దేశంలో దీన్ని ప్రభుత్వ నిపుణులు లేదా ప్రభుత్వం ఆమోదించిన నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి.

అనుమానం వస్తే
అందరూ వెంటనే బయటికి వచ్చేయాలి. బిళ్లల మీద నీళ్లు పోయొద్దు, వాయువు ఇంకా పెరుగుతుంది, మంట కూడా రావచ్చు. 108కి ఫోన్ చేయండి. వాంతులు, ఆయాసం చూసి తిండి పడలేదేమో అనుకుంటారు. కాబట్టి బిళ్లల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

పాతర తెరిచేటప్పుడు
మూసిన పాతరలో ధాన్యం వల్ల ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. తెరిచిన వెంటనే దిగొద్దు, ఒంటరిగా అసలే వద్దు. లోపల ఒకరు పడిపోతే వెనకే దూకితే ఇద్దరి ప్రాణాలూ పోతాయి. సహాయం పిలవండి.

మరి పురుగు సంగతి?
రెండు మూడు నెలలకు సరిపడానే కొనండి. పొడి డబ్బాలో, ఎండిన వేపాకు వేసి గట్టిగా మూత పెట్టండి.