ఇంటి చాకిరిని గూర్చి గ్రంథకర్తలతో సల్లాపము



మేము శాస్త్రము చదువుకొను దినములలో మా గురువుగారు, పుస్తకమును వల్లించుట చదువు కాదనియు, గ్రంథకర్త యెదుట కూర్చుండియున్నాడని తలచి వానిని ప్రశ్నింపవలెననియు చెప్పుచుండెడివారు. పూర్వపక్షము మనది, సమాధానము వారిది. గ్రంథకర్త కాలధర్మము నొందినను గ్రంథము బదులు చెప్పుట మానదు. ఆ మర్యాదనే యనుసరించి కందుకూరి వీరేశలింగము పంతులుగారిని, గురజాడ అప్పారావుగారిని, భండారు అచ్చమాంబగారిని నేడొక ప్రశ్న యడుగదలచితిని.

బ్రహ్మచారియు వానప్రస్థుడును సన్యాసియు గృహస్థు నాశ్రయించియే బ్రదుకుచున్నారు గావున గృహస్థాశ్రమము జ్యేష్ఠమని మనుస్మృతి చెప్పుచున్నది. బాగుగనే యున్నది. ఆ గృహస్థు ఎవరి నాశ్రయించి బ్రదుకుచున్నాడు? తెల్లవారుజామున కల్లాపి చల్లినది మొదలు రాత్రి పొయ్యి యలికి పండుకొనువరకు జరుగు చాకిరి ఎవరి పద్దున వ్రాయబడినది? స్మృతికర్తలు ఆ పనులను స్త్రీలకు విధించిరే కాని వానికి వెల కట్టలేదు. ఇదియే నా ప్రశ్న.

ముందు పంతులుగారు. వీరు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో వివేకవర్ధనీ పత్రికను స్థాపించి, ఆ యేటనే ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి. 1883లో ప్రత్యేకముగా స్త్రీల కొరకు సతీహితబోధినిని వెలువరించిరి. వారి సత్యవతీచరిత్రమున చదువుకొనిన కోడలు ఉమ్మడికుటుంబమును చక్కబెట్టును. ఆడుది చదివినచో ఇల్లు చెడునని జనులు భయపడుచున్న దినములలో, చదువుచేతనే ఇల్లు బాగుపడునని చూపుట చిన్న సాహసము కాదు. అయినను నాకొక యాక్షేపణ కలదు. ఆ చదువు ఇల్లాలి పనికి మెరుగు పెట్టినది గాని, ఆ పనిలో మగవానికి పాలు పంచలేదు.

దీనికి సమాధానము ఆ కథలో దొరకదు. పంతులుగారి యింటిలో దొరకును. వితంతువివాహము శాస్త్రసమ్మతమని వారు 1879లో ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. వెంటనే వెలి వచ్చినది. వెలి యనగా నేమో మీలో పెద్దలకు నేను విప్పి చెప్పనక్కరలేదు. బంధువులు రాకపోకలు మానిరి. పురోహితులు వెనుదీసిరి. వంటవాడు పోయెను, నీళ్లు తెచ్చువాడును పోయెను. గోదావరి యున్నది గదా, నీటికేమి కొరత యని అనుకొనవచ్చును. రేవునకు దిగి, బిందె ముంచి, గట్టెక్కి, ఇల్లు చేరి, మరల దిగి, మరల ఎక్కుట ఒక బిందెతో తీరెడి పని కాదు. త్రాగుటకు, వండుటకు, స్నానములకు, అంట్లకు ఎన్ని బిందెలు కావలెనో మోసినవారికే తెలియును. ఆ నీరు మోసినవారు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. వంటయు తామే చేసిరి. పుట్టిల్లు విడిచి వచ్చిన వితంతుబాలికలకు ఆ యింటనే యాశ్రయము; వారి యాకలి చూచినదియు ఆమెయే.

ఈ యుద్యమమునకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయలిచ్చిరి. ఆ దానమును చరిత్రకారులు వ్రాసిరి, వ్రాయదగినదే. బిందెలను మాత్రమెవ్వరును లెక్కింపలేదు. ఆ నీరు రానినాడు ఉపన్యాసమును సాగెడిది కాదు, వివాహమును సాగెడిది కాదు. అయితే పంతులుగారు కృతఘ్నులు కారు. తమ స్వీయచరిత్రమున భార్య పడిన యీ కష్టమును దాచక వ్రాసిరి. పండితుడొకడు తన యింటి నీళ్లబిందెకు తన చరిత్రలో చోటిచ్చుట మన భాషలో అంతకుముందు నేను చూచియుండలేదు. వారి గ్రంథములన్నిటిలోను నాకు ఆ పుటలే యెక్కువ. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో స్వర్గస్థులైరి.

ఇక అప్పారావుగారు. గ్రాంథికభాషకు కత్తిగట్టిన యీ మహానుభావుని నావంటివాడు పొగడుట చోద్యమని మా మిత్రులందురు. భాషావిషయమున మాకు తగవున్నది. ఈ విషయమున లేదు. ఇంటి చాకిరికి వెల యేమని యడిగినచో, ముందు ఇంటి ఆడుపిల్లకు వెల కట్టిన దినములు చూడుడని వారు లెక్కల చిట్టాయే తెరతురు. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చయ్యెను. ఆ ముద్రణపు పీఠికలో, ఆనందగజపతి మహారాజావారు విశాఖపట్టణమండలమున మూడేండ్లలో బ్రాహ్మణగృహములందు శుల్కమునకు జరిగిన వివాహములకు పట్టిక వ్రాయించినట్లున్నది. మొత్తము 1034. ఇదియు పూర్తి లెక్క కాదట! వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు 6గురు, ఏడాది పసికూనలు 3గురు. ఆ పసికూనల వెల 350 మొదలు 400 రూపాయలు. అల్పమైనను శుల్కము గైకొను తండ్రి సంతానవిక్రయము చేసినవాడని మనువే చెప్పియుండగా, వేదము చదివినవారి యిండ్లలో ఆడుపిల్ల రాబడి పద్దుగా మారినది. నాటకమున అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబూనును. పెద్దకూతురు బుచ్చమ్మ విధవయై కన్నులయెదుటనే యున్నది. తల్లి వెంకమ్మ వలదు వలదని మొత్తుకొన్నను వినువాడు లేడు. ఇంటి భారమంతయు మోసెడి మనిషికి ఆ యింటి నిర్ణయమున నోరు లేకపోవుటయే నాటకమున నాకు కనబడు దుఃఖము.

1910లో ఆంధ్రభారతిలో వెలువడిన దిద్దుబాటు కథయందు ఆ నోరు వచ్చినది. రాత్రి ప్రొద్దుపోయి వచ్చిన భర్తకు, ఇల్లు విడిచిపోయినట్లు ఉత్తరము వ్రాసిపెట్టి భార్య కమలిని బుద్ధి గరపును. చదువు రానిచో ఆ యుత్తరమే లేదు గదా.

అచ్చమాంబగారి సమాధానము వేరు. ఈమె 1874లో నందిగామ ప్రాంతమున జన్మించిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారికి అక్కగారు. బాల్యముననే వివాహమై మధ్యపరగణాలకు కాపురమునకు పోయిరి. బడికి పోయినవారు కారు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి నేర్చిరి. బిడ్డలు పోయిన దుఃఖములోను కలము విడువలేదు. 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిన వారిలో నీమె యొకరు. ఆ యేటనే ధనత్రయోదశి యను కథ వ్రాసిరి. చాలని జీతముపై బ్రదుకు గుమాస్తా పండుగపూట ఇంటి లేమిని చూడలేక యజమానుని సొమ్ము తెచ్చును. ఆ సొమ్ముతో మనకు పండుగ వలదని భార్య నిలిచి, భర్త పరువును కాపాడును. కొలువు వేరు, కాపురము వేరు అని మనమందుము. అంగడిలో జరిగిన తప్పు వంటయింటిలో దిద్దబడినదని ఈమె చూపినారు. వెల తెలియని పనులలో నిదియు నొకటి. స్త్రీవిద్య యను మరియొక కథయంతయు భార్యాభర్తల సంభాషణమే. అందు ఆక్షేపణలు భార్యవి, సమాధానములు భర్తవి. చదువును వలదను భయము స్త్రీల మనస్సులలో ఎంత లోతుగా నాటుకొనెనో చూచినవారే అట్లు వ్రాయగలరు.

కన్యాశుల్కము పోయినది, వరకట్నము వచ్చినది. 1961లో దానిని నిషేధించుచు శాసనమయ్యెను గాని, శాసనము పుస్తకమునను కట్నము పెట్టెలోను ఉండుటను మీరెరుగుదురు. ఇంటి చాకిరికి లెక్క మాత్రము కట్టబడినది. 2019లో భారతప్రభుత్వమువారు కాలవినియోగమును గూర్చి దేశమంతట విచారణ జరిపిరి. జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు చేయుచున్నారని తేలినది. అసలు ఆ పనియందు చేయి పెట్టువారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. రాజ్యలక్ష్మమ్మగారి బిందెలకు ఇన్నాళ్లకు పద్దు దొరకినది.

అచ్చమాంబగారు అబలాసచ్చరిత్రరత్నమాలను మూడు భాగములుగా వ్రాయ సంకల్పించిరి: చరిత్రప్రసిద్ధలైన భారతస్త్రీలు మొదటి భాగము, వేదపురాణస్త్రీలు రెండవది, పరదేశస్త్రీలు మూడవది. మొదటి భాగము వెలువడినది. మూడవదానికి కాలము చాలలేదు. 1905 జనవరిలో, ముప్పదియేండ్ల ప్రాయమున, ఆమె లోకము విడిచిరి. మీ గ్రంథాలయమున ఆ మొదటి భాగ ముండినచో ఇంటికి గొనిపోవుడు. సాయంకాలము అన్నము వండు వేళ దానిని చదువుటకు ఇంట నెవరికి తీరిక యుండునో చూడుడు.