హిమాయత్ సాగర్ చేపలు, మా మరిది గాలం

మా మరిది డల్లాస్ నుంచి వచ్చినప్పుడల్లా చాక్లెట్లు, బాదంపప్పులు, మామయ్యగారికి విటమిన్ మాత్రలు తెస్తాడు. కిందటి వానాకాలం వచ్చినప్పుడు వాటితో పాటు ఒక పొడుగాటి గొట్టం కూడా దిగింది. పిల్లలు క్రికెట్ బ్యాటనుకుని మీద పడ్డారు. మూత తీస్తే గాలం కర్ర! ముక్కలు ముక్కలుగా విడిపోయి మళ్ళీ అతుక్కునేది. "ఇంత దూరం ఎగిరొచ్చి చేపలు పట్టుకుంటావట్రా, బజార్లో దొరకవా?" అని అత్తయ్య నోటి మీద వేలేసుకున్నారు.

అసలు సంగతి శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడే మొదలైంది. ఔటర్ మీద కారు వస్తుంటే పక్కన హిమాయత్ సాగర్ నీళ్ళు తళతళలాడుతూ కనిపించాయి. "వదినా, ఇక్కడ గైడ్లుంటారా?" అన్నాడు. గోల్కొండకు గైడ్లుంటారు గానీ చెరువుకి గైడేమిటి అన్నాను. అప్పుడు చెప్పాడు వాళ్ళ ఊరి ముచ్చట.

టెక్సాస్‌లో లేక్ ఫోర్క్ అని ఒక జలాశయం ఉంది. 1980లో ఆనకట్ట పూర్తయింది. నీళ్ళు నిండకముందే అక్కడి గుంటల్లో ఫ్లోరిడా జాతి బాస్ చేపపిల్లల్ని వదిలారు. చేపలకు నీడగా ఉంటాయని చెట్లు కొట్టకుండా నిలువునా నీళ్ళలో ముంచేశారు. ఇప్పుడక్కడ గైడ్లు ఉంటారు. రోజుకు వందల డాలర్లు తీసుకుని, తెల్లవారకముందే తమ పడవలో ఎక్కించుకుని, చేప ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్ళి, ఏ ఎర వేయాలో చెప్పి మరీ పట్టిస్తారు. వాళ్ళు వెతికేది ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బాస్, పెద్ద నోరున్న పచ్చటి వేటచేప. రెండోది క్రాపీ, వెండి రంగు మీద నల్ల మచ్చలతో చిన్నగా, రుచిగా ఉంటుందట. 1986లో మార్క్ స్టీవెన్సన్ అనే గైడు అక్కడ 17.67 పౌన్ల బాస్‌ని పట్టాడు. అంటే సుమారు ఎనిమిది కిలోలు. దానికి ఎథెల్ అని పేరు పెట్టి అక్వేరియంలో పెంచారు. 1994లో అది చచ్చిపోతే సంతాప సభ పెట్టారు, వందల మంది వచ్చారు. ఈ మాట విని అత్తయ్య నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ రికార్డు 1992లో పోయింది. 18.18 పౌన్ల చేపని పట్టిన బారీ సెయింట్ క్లెయిర్ ఆ రోజు నిజానికి క్రాపీ కోసం చిన్న చేపపిల్లని ఎరగా వేసి కూర్చున్నాడు. చిన్నదాని కోసం వేసిన ఎరకి పెద్దది తగులుకుంది.

మరి మన చెరువు? ఇన్నేళ్ళుగా దీనికి దగ్గర్లోనే కాపురం ఉంటున్నా నాకు తెలిసింది రెండే ముక్కలు: నిజాం కట్టించాడు, గేట్లెత్తితే రోడ్డు మూసేస్తారు. కొంచెం సిగ్గేసి పుస్తకాలు ముందేసుకున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం చూపించింది. ఎగువన వందల చెరువులుంటే చాలావాటికి గండ్లు పడి ఆ నీళ్ళన్నీ ఒక్కసారి ఊరి మీదికొచ్చాయి. పదిహేను వేల మంది పోయారంటారు. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారని చెప్తారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పళ్ళెంలో చీర, పసుపు కుంకుమలు పెట్టుకుని నదికి సమర్పిస్తే మూసీ తల్లి శాంతించిందని పాతబస్తీలో కథగా చెప్పుకుంటారు. చీర సంగతి ఎలా ఉన్నా, ఆ తర్వాత ఆయన చేసిన మంచి పని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం. ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, దానిలో వచ్చి కలిసే ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపమని విశ్వేశ్వరయ్య సలహా. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానికి ఆ పనులు జరిగాయి. 1920లో గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్. 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్. ఒకదానికి తన పేరు, రెండోదానికి పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు. మన దానికి పదిహేడు గేట్లు, మూడు టీఎంసీలకి కొంచెం తక్కువ నీళ్ళు పడతాయి.

అంటే ఇది వరదని ఆపడానికి, ఊరికి తాగునీళ్ళివ్వడానికి కట్టింది. లేక్ ఫోర్క్‌లా చేపల లెక్క ముందే వేసుకుని కట్టింది కాదు. చేపలు నదితో పాటు వాటంతటవే వచ్చి చేరాయి, వాటి వెనకే వలలు పట్టుకుని మనుషులూ వచ్చారు.

సరదాకి గాలం వేయడం మనకి కొత్త కాదని మాత్రం మరిదికి గట్టిగానే చెప్పాను. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అని సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. రాజుల వినోదాల్లో భాగంగా అందులో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. గాలం కర్ర, దారం, ఎరలు, ఏ జాతి చేపకి ఏ మేత వేస్తే ఒళ్ళు చేస్తుందో అన్నీ ఉన్నాయి. ఆ కళ్యాణి తర్వాతి కాలంలో మన హైదరాబాద్ సంస్థానంలోదే. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆ భాగం గురించి వ్యాసం రాసి లోకానికి చూపించాడు. మరిది అంతా విని, "ఆ రాజుక్కూడా గైడు ఉండే ఉంటాడు వదినా" అన్నాడు.

మా గైడు దొరికింది చేపలమ్మే చోట. మేము ఎప్పుడూ కొనే తాతే. బెస్తవారు, గంగపుత్రులం అంటారు తామే. మన దగ్గర చెరువుల్లో చేపల హక్కు చాలావరకు మత్స్యకారుల సంఘాలది. అడగకుండా గాలం వేస్తే ఊరుకోరు. తాత గాలం కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇంట్ల పెట్టు బిడ్డా. పొద్దుగాల రా, వలలు తీయ పోతున్న, సూద్దువు గానీ" అన్నాడు.

మర్నాడు చీకటుండగానే వెళ్ళాం. వాళ్ళిద్దరూ తెప్పెక్కారు. నేను ఫ్లాస్కులో టీ పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. తూర్పు తెల్లబడేలోపల నా నెత్తి మీదుగా మూడు విమానాలు దిగాయి.

తిరిగొచ్చాక మరిది నోరు మూతపడలేదు. అక్కడి గైడ్లు తెర మీద చూసి చెప్పేది ఈయన కళ్ళు చికిలించి చెప్తున్నాడన్నాడు. ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు తుమ్మమొద్దులు ఎక్కడెక్కడ తేలాయో గుర్తు పెట్టుకుని, నీళ్ళు నిండాక సరిగ్గా వాటి పక్కనే వల కడతాడట. అక్కడ క్రాపీ చేపల కోసం గైడ్లు కొమ్మలు, క్రిస్మస్ అయిపోయాక పారేసే చెట్లు పనిగట్టుకుని నీళ్ళలో ముంచుతారట. పద్ధతి ఒకటే.

వలలో పడినవి ఎక్కువ జిలేబీలే. ఈ జిలేబి, అదే తిలాపియా, 1952లో సిలోన్ నుంచి మండపానికి తెచ్చింది. దేశమంతా పాకి ఇంకెవర్నీ పోనివ్వకుండా కూర్చుంది. రెండు రోహులు, ఒక బొచ్చె. ఈ రెండు జాతులూ నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి. అందుకే ఏటా పిల్లల్ని తెచ్చి వదలాలి. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో వాటిచేత గుడ్లు పెట్టించే పద్ధతి కనిపెట్టాక గానీ ఆ పిల్లలు చవగ్గా దొరకలేదు. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా పంచుతోంది.

ఎవరూ వదలకపోయినా తనంతట తను పెరిగేది కొర్రమీను. అదే ఏడాది దాన్ని రాష్ట్ర చేప చేశారు. మృగశిర కార్తెకి నాంపల్లిలో బత్తిని వారి చేపమందులో బతికుండగానే మింగించేది దీని పిల్లనే. (తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట: విడిగా అయితే మనం చేప అంటాం, ఈ పేర్లో మాత్రం మీను అనే పాతమాట అలాగే నిలిచిపోయింది. తమిళం, కన్నడం, మలయాళంలో ఈ రోజుకీ మీనే.) బాస్ మన నీళ్ళలో లేదు. స్వభావంలో దానికి దగ్గరిది ఇదే, నీటి మొక్కల్లో నక్కి కప్పల మీదికి దూకే వేటచేప. మరిది గాలం తెచ్చింది దీనికోసమే.

కనపడింది కూడా. నాచు పక్కన నీళ్ళ మీద ఎర్రగా ఒక మరక కదులుతూ ఉందట. కొర్రమీను పిల్లలవి, వందల కొద్దీ ముద్దగా ఈదుతాయి. కింద తల్లీతండ్రీ కాపలా. దగ్గరికి ఏది వచ్చినా కొరికేస్తాయి కాబట్టి అప్పుడు గాలం వేస్తే పెద్దచేప ఖాయం. మరిది ఉత్సాహంగా చెయ్యి చూపిస్తే తాత తెప్పని పక్కకి తిప్పేశాడు. "పిల్లలున్నయి, ముట్టొద్దు. తల్లి పోతే దినంల అన్నిటినీ పక్కచేపలు తింటయి" అన్నాడట. ఈ మాట మరిది చెప్తుంటే నేను తాతని చూశాను. "నువ్వెప్పుడూ పట్టలేదా తాతా?" అన్నాను. కాసేపాగి, "పట్టిన. నీళ్ళెండిన సాలు పట్టిన. ఇంట్ల ఏం లేకుండె" అన్నాడు. ఎందుకడిగానా అనిపించింది.

బాస్‌లో పిల్లల్ని కాసేది తండ్రేనని మరిది చెప్పాడు. గూడు చేసేదీ, గుడ్ల దగ్గర నిలబడేదీ మగచేపే. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందట. మావారి వైపు చూశాను. ఆయన టీ తాగుతున్నారు.

ఈ నీళ్ళకి కాపలా గురించి కూడా చెప్పాలి. 1996 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, 111 జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, ఎనభై నాలుగు ఊళ్ళలో, ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద కట్టడాలు కూడదని. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో పెట్టబోయిన ఒక నూనె ఫ్యాక్టరీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తాగునీటి దగ్గర ప్రమాదం ఉందో లేదో తేలకపోయినా ఆ అనుమానం ప్రజల పక్షానే ఉండాలన్నట్టు 1999లో, 2000లో కోర్టు చెప్పింది. నాకు ఆ తీర్పు కాలుష్యం మీద వచ్చిన తీర్పుల్లోకెల్లా అమ్మలాంటి తీర్పనిపిస్తుంది. పాలు విరిగాయో లేదో అనుమానమొస్తే పసివాడికి పట్టం కదా! 2022లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. తాతకి జీవోల నంబర్లు తెలియవు. "వాన పడితే వాగుల నురగ వస్తుంది, ముందటికి రాకపోతుండె" అని మాత్రం అన్నాడు.

వచ్చేటప్పుడు మరిది ఐదువేలు తీసి చేతిలో పెట్టబోయాడు. అక్కడ గైడుకిచ్చేదాంట్లో పదో వంతు కూడా కాదు. తాత రోహుకి కిలో లెక్క కట్టి ఆ పైసలే తీసుకున్నాడు. "నా పనికి నేను పోతి, నువ్వు ఎంట వస్తివి. దానికి పైసలేంది?" అని. ఆయన కొడుకులు ఇద్దరూ ఎయిర్‌పోర్టుకి క్యాబ్ నడుపుతారు. ఒకడికి ఈత కూడా రాదట. తుమ్మమొద్దులు ఎక్కడున్నాయో తాత ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు, మా మరిది తప్ప.

ఈ ఏప్రిల్‌లో మరిది లేక్ ఫోర్క్ నుంచి ఫోటో పంపాడు. చేతిలో బాస్, పక్కన గైడు, ఇద్దరికీ నల్లకళ్ళద్దాలు. "గూటి మీద కాపలా ఉన్నది, ఫోటో తీసి వదిలేశాం, తాతకి చూపించు" అని రాశాడు. ఆదివారం చేపలకి వెళ్ళినప్పుడు ఫోన్ చూపించాను. తాత దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"మంచిగుంది చేప" అన్నాడు. "ఇడిసేదానికి గన్ని పైసలిచ్చి ఎందుకు పట్టిండు?"

నాకు జవాబు తోచలేదు. కిలో కొర్రమీను ఇమ్మన్నాను. జిగురు పోయేదాకా బూడిదతో రుద్దమని, పోయినసారి పులుసు నీచు కొట్టిందన్నావు కదా అని గుర్తు చేస్తూ తూకం వేశాడు.