హార్డు డిస్కునకు పెట్టె పొసగని చరిత్ర

గ్రంథమును సంపాదించుట యొక యెత్తు. దానిని ముందుతరములకు నిలుపుట మరియొక యెత్తు. తాళపత్రములు పురుగుపట్టి రాలిపోవక మునుపే వేరొక ప్రతి వ్రాయించుట మన పూర్వుల యాచారము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) పండితులకు జీతములిచ్చి తెలుగు ప్రతులను తిరుగ వ్రాయించినది ఇందులకే. నేడు పాత పుస్తకముల ఛాయాప్రతులను హార్డు డిస్కులలో దాచుచున్నారు. అరచేతిలో నిముడు పెట్టెలో వేలకొలది గ్రంథములు పట్టుచున్నవి. అయితే డిస్కు మంచిదే, పెట్టె మంచిదే అయియుండియు, ఒండొంటికి పొసగక దాచినది కనబడకుండ పోయిన సందర్భములు పెక్కు. ఈ పొసగనితనమునకు దీర్ఘమైన చరిత్ర కలదు.

1956లో ఐ.బి.యం. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రమున 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అందు పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. 1980లో సీగేటు సంస్థ అయిదుంబావు అంగుళముల డిస్కులో 5 మెగాబైట్లు ఇమిడ్చినది. పళ్లెము చిన్నదగుచు వచ్చినది. పట్టు పెరుగుచు వచ్చినది. పెరుగనిది లెక్క వ్రాయు గడి.

డిస్కుపై వ్రాత సెక్టారులను చిన్న మడులలో నుండును. చిరకాలము సెక్టారునకు 512 బైట్లు. ఏ సెక్టారు ఎచటనున్నదో చెప్పుటకు సంఖ్య కావలెను. ఆ సంఖ్యకు కేటాయించిన స్థానములు నిండినచో, ఆవల ఎంత చోటున్నను లేనట్లే. వ్యక్తిగత కంప్యూటరులలో మొదట ఎదురైన పెద్ద గోడ 52,84,82,304 బైట్లు. దీని పుట్టుక విచిత్రము. కంప్యూటరులోని మూలక్రమము 1024 సిలిండరులను, 256 హెడ్డులను, 63 సెక్టారులను లెక్కింపగలదు. డిస్కు 65,536 సిలిండరులను, 16 హెడ్డులను, 255 సెక్టారులను ఒప్పుకొనును. వేరువేరుగ ఇద్దరును సమర్థులే. కలిసి పనిచేయునపుడు ప్రతిదానియందును తక్కువదానికే కట్టుబడవలసి, 1024, 16, 63 మాత్రమే మిగిలినవి. పొత్తు కుదిరినంత మేరకే ఫలము.

తరువాత సెక్టారులకు వరుస సంఖ్యలిచ్చు పద్ధతి వచ్చెను. అందు 28 బిట్లుండుటచే 137 గిగాబైట్లవద్ద మరల గోడ తగిలెను. 48 బిట్ల పద్ధతి వచ్చి ఆ గోడ తొలగినను, 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి దానిని నేర్చినది 2002 నాటి మొదటి సవరణతోనే. పాత పెట్టెలకైతే ఆ సవరణయు చేరలేదు. పెట్టె యనగా వట్టి రేకుడబ్బా కాదు. డిస్కు ఒక భాషను, యు.యస్.బి. తీగ మరియొక భాషను పలుకును. వాని నడుమ దుబాసివలె ఒక చిప్పు కూర్చుండును. దుబాసికి రాని సంఖ్యను ఆవలివారికి ఎవరు చెప్పుదురు?

1983లో డాస్ రెండవ రూపముతో వచ్చిన విభాగ పట్టికలో సెక్టారు సంఖ్యకు 32 బిట్లు. పెట్టెలోని చిప్పు ‘నీ పట్టు ఎంత?’ యని అడుగు పాత ఆజ్ఞలోను 32 బిట్లే. 512 చొప్పున లెక్కించిన 21,99,02,32,55,552 బైట్లు, అనగా సుమారు 2.2 టెరాబైట్లు. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు అంగడికి రాగా, పాత పెట్టెలలో కొన్నింట అవి 801 గిగాబైట్లుగా కనబడినవి. గడి నిండి మరల సున్నతో మొదలైనందున, మూడింటినుండి 2.2 పోగా మిగిలినదే ఆ సంఖ్య.

64 బిట్ల కొత్త పట్టిక యున్నను, 32 బిట్ల విండోస్ ఎక్స్‌పి దానిని ఎరుగదు. ఆ యంత్రములు అప్పటికి కోట్లకొలది వాడుకలో నున్నవి. కావున తయారీదారులు ఒక యుక్తి పన్నిరి. డిస్కు 512 బైట్ల లెక్క చెప్పినను, పెట్టెలోని చిప్పు ఎనిమిదేసి సెక్టారులను జతచేసి 4096 బైట్ల సెక్టారుగా కంప్యూటరునకు చూపును. పాత పట్టికయే 17 టెరాబైట్లకు పైగా చాలినది. యుక్తి బాగుగనే యున్నది. కాని చిక్కు దానితోనే పుట్టినది.

కొంతకాలమునకు పెట్టె చెడును. యజమాని డిస్కును వెలికితీసి నేరుగా కంప్యూటరునకు తగిలించును. పట్టిక మొదటి సెక్టారుననే యున్నది గాన చదువబడును. అందు ‘విభాగము 256వ సెక్టారున మొదలు’ అని యుండును. 4096 చొప్పున వ్రాసిన ఆ 256ను కంప్యూటరు 512 చొప్పున కొలిచి, ఎనిమిదవ వంతు దూరముననే ఆగి చూచును. అచట ఏమియు లేదు. ‘డిస్కును ఫార్మాటు చేయుదునా?’ యని అడుగును. ఎకరమునకు ఆంధ్రమున 100 సెంట్లు, తెలంగాణమున 40 గుంటలు. సెంట్లలో వ్రాసిన అంకెను గుంటలుగా చదివినవాడు హద్దురాయిని పరుల చేనిలో వెదకును. భూమి కదలలేదు, కొలత మారినది. ఆ ప్రశ్నకు ‘సరే’ యన్నవాడు మాత్రము ఉన్న పంటను దున్నివేసినవాడగును.

మరికొన్ని పెట్టెలలో చిప్పు తానే గుప్తలిపిలో వ్రాయును; ఆ పలక చెడినచో డిస్కు చక్కగ తిరుగుచున్నను వ్రాత బోధపడదు. 2016లో వచ్చిన సాటా నియమము విద్యుత్తీగలోని మూడవ సూదికి కొత్త పని నప్పగించినది. అచట 3.3 వోల్టులు పంపు పాత తీగకు తగిలించినచో, ఆ నియమము పాటించు డిస్కు అసలు తిరుగనే తిరుగదు. వాడుకరి అది చచ్చినదని తలచి పారవేయును.

ఈ చరిత్రవలన తేలునది స్వల్పమైనను విలువైనది. కనబడనంత మాత్రమున పోయినదనుకొనరాదు. ఫార్మాటు చేయుమను ప్రశ్నకు తొందరపడి ఒప్పుకొనరాదు. ముందుగా అట్టి పెట్టెనే మరియొకటి సంపాదించి చూడవలెను. పెట్టెను మార్చదలచిన, పాత పెట్టె పనిచేయుచుండగనే వేరొక డిస్కునకు ప్రతి యెత్తుకొనవలెను. కొత్త పెట్టె ఎన్ని టెరాబైట్లవరకు గ్రహించునో కొనకముందే విచారింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఒక్క ప్రతిని నమ్ముకొనరాదు. ఆకు శిథిలము కాకమునుపే వేరొక యాకున వ్రాయించిన పెద్దల నీతి డిస్కులకును చెల్లును.